ఇత్తడి బూరలు వెతికిన స్వరాలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ నగరానికి దక్షిణాన సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, కానన్ నది ఒడ్డున నార్త్‌ఫీల్డ్ అనే పట్టణం ఉంది. ఊరి జనాభా ఇరవై వేల చిల్లర. 2006లో ఇక్కడ వింటేజ్ బ్యాండ్ ఫెస్టివల్ అనే ఉత్సవం మొదలైంది. సెయింట్ ఓలాఫ్ కళాశాలలో సంగీతం బోధించిన పాల్ నీమిస్టో దీనికి ఆద్యుడు. ఆ తర్వాత 2010లో, 2013లో, మరికొన్నేళ్లకు మళ్లీ ఉత్సవం జరిగింది. ఊరి నడిబొడ్డున ఉన్న బ్రిడ్జ్ స్క్వేర్‌లోనూ పార్కుల్లోనూ ఆరుబయటే కచేరీలు. అమెరికా అంతర్యుద్ధ కాలపు దుస్తులు వేసుకున్న బృందాలు, విక్టోరియా యుగపు కార్నెట్ (ట్రంపెట్‌ను పోలిన వాయిద్యం) బృందాలు, ఫిన్లాండ్ సంప్రదాయపు ఏడుగురి బృందాలు పంతొమ్మిదో శతాబ్దపు వాయిద్యాలతో ఆ కాలపు బాణీలు వినిపించాయి. మ్యూజియం అద్దాల వెనక ఉండే వస్తువులు ఇక్కడ జనం మధ్యకు వచ్చి మోగాయి.

మెలికలు తిరిగిన గొట్టాలు, భుజం మీదుగా వెనక్కి తిరిగిన నోళ్లు, ఒళ్లంతా మీటలు ఉన్న ఈ వాయిద్యాలను చూస్తే, ఇవి నేటి ట్రంపెట్‌కూ ట్యూబాకూ అసంపూర్ణమైన తొలి రూపాలని అనిపించవచ్చు. నిజానికి అవన్నీ ఒక కఠినమైన భౌతికశాస్త్ర ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతులు కనుగొన్న జవాబులు. ప్రతి జవాబులోనూ ఒక లాభం ఉంది, ఒక నష్టం ఉంది. ఆ నష్టమేమిటో, లాభమేమిటో చెవితో తేల్చుకోవాలంటే వాయిద్యం మోగాలి. ఇలాంటి ఉత్సవాల అసలు విలువ అక్కడే ఉంది.

పెదవులే మూలం

సన్నాయిలో ధ్వనికి మూలం రెల్లు పీక. వీణలో తీగ. ఇత్తడి వాయిద్యాల్లో ఆ పని వాద్యకారుడి పెదవులదే. బిగించిన పెదవుల మధ్య నుంచి గాలిని నెడితే అవి సెకనుకు వందల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఒక్కో విడతకు కొంచెం గాలి గిన్నెలాంటి మౌత్‌పీస్‌లోకి దూకుతుంది. ఆ పీడన తరంగం గొట్టమంతా ప్రయాణించి, చివర విచ్చుకున్న భాగాన్ని చేరుతుంది. దాన్నే బెల్ అంటారు. తరంగంలో కొంత భాగం బయటికి పోతుంది. చాలా భాగం అక్కడి నుంచి వెనుదిరిగి మళ్లీ పెదవుల దగ్గరికి వస్తుంది.

అలా తిరిగొచ్చిన తరంగం పెదవుల కదలికకు సరిగ్గా కలిసొచ్చే సమయానికి చేరితే వాటిని ఇంకాస్త నెడుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరైన క్షణంలో చెయ్యి వేస్తే చిన్న తోపుతోనే ఊపు పెరిగినట్టు, పెదవుల కంపనం నిలదొక్కుకుంటుంది. సమయం తప్పితే తోపు వృథా అవుతుంది, స్వరం నిలవదు. అందువల్ల వాద్యకారుడు ఏ స్వరం అడిగినా గొట్టం ఇవ్వదు. గొట్టం పొడవు, ఆకారం ఒప్పుకున్న కొన్ని పౌనఃపున్యాల దగ్గరే ధ్వని గట్టిగా నిలుస్తుంది. పెదవులను బిగిస్తే వాటిలో పైదానికి, వదులు చేస్తే కిందిదానికి మారవచ్చు. మధ్యలోని వాటికి చోటు లేదు.

గొట్టం ఇచ్చేవి, ఇవ్వనివి

ఒక కొన మూసి, మరో కొన తెరిచి ఉన్న గొట్టం పాఠం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో అందరూ చదివిందే. అందులో స్థిర తరంగాల పౌనఃపున్యాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయి. బూరలో పెదవుల వైపు మూసిన కొన కింద లెక్క. మరి ట్రంపెట్ కూడా అలాగే పలకాలి కదా? పలకదు. విచ్చుకున్న బెల్ కింది పౌనఃపున్యాలను పైకి జరుపుతుంది. మౌత్‌పీస్ పై పౌనఃపున్యాలను కిందికి లాగుతుంది. రెండూ కలిసి ఆ వరసను 2, 3, 4, 5, 6 నిష్పత్తికి దగ్గరగా తెస్తాయి. అట్టడుగున ఉన్న మొదటిది మాత్రం ఈ వరసలో ఇమడదు. దాన్ని సాధారణంగా వాడరు. ఏ సమీకరణాలూ రాయకముందే, శతాబ్దాల పాటు చెవిని నమ్మి పనివాళ్లు సాధించిన దిద్దుబాటు ఇది.

సుమారు 1.4 మీటర్ల గొట్టం ఉన్న నేటి బి-ఫ్లాట్ ట్రంపెట్‌ను వేళ్ల కిందుండే వాల్వులేవీ నొక్కకుండా వాయిస్తే 233, 350, 466, 583, 699 హెర్ట్‌జ్‌ల దగ్గర స్వరాలు దొరుకుతాయి. మన స్వరాల్లో చెప్పాలంటే స, ప, పై స, దాని మీద గ, ప. సైనిక బ్యూగిల్ పిలుపులన్నీ ఈ కొద్దిపాటి స్వరాల మీదే నడుస్తాయి. వాటి మధ్య ఖాళీలు పెద్దవి. కింది స నుంచి ప దాకా, ప నుంచి పై స దాకా ఉన్న రి, గ, మ, ద, ని ఏవీ లేవు.

ఇంకా పైకి పోతే ఖాళీలు చిన్నవవుతాయి. నిష్పత్తిలో 7 దగ్గరుండే స్వరం, అంటే ఏడో అనుస్వరం, కైశికి నిషాదానికి కాస్త దిగువన పడుతుంది. ఎనిమిది స, తొమ్మిది రి, పది గ. పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ నడుమ, ఏదీ కాకుండా నిలబడుతుంది. పన్నెండు ప. అంటే ఎనిమిదో అనుస్వరం నుంచి పైన వాయించగలిగితే వరుసగా స్వరాలు దొరుకుతాయి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఐరోపా ట్రంపెట్ విద్వాంసులు చేసింది అదే. వాళ్ల ట్రంపెట్ గొట్టం రెండు మీటర్లకు పైనే, అంటే నేటిదానికి ఒకటిన్నర రెట్లకు మించి పొడవు. గొట్టం పొడవైతే వరస మొత్తం కిందికి దిగుతుంది, దగ్గరదగ్గరగా ఉన్న పై అనుస్వరాలు వాద్యకారుడికి అందుబాటులోకి వస్తాయి. స్వరకర్త బాహ్ 1721లో అంకితమిచ్చిన బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోల్లో రెండోదానిలోని ట్రంపెట్ భాగం ఈ ఎత్తుల్లోనే తిరుగుతుంది. పెదవుల మీద అపారమైన అదుపు ఉన్నవాళ్లే దాన్ని వాయించగలిగేవారు. పదకొండో అనుస్వరాన్ని ఒక చోట మధ్యమానికి, మరో చోట ప్రతి మధ్యమానికి పెదవులతోనే వంచేవారు.

మన జాతరల్లో, దేవుడి ఊరేగింపుల్లో మోగే కొమ్ము బూర కూడా ఈ కుటుంబానిదే. రంధ్రాలు లేవు, మీటలు లేవు. పెదవుల బిగింపుతో ఒక అనుస్వరం నుంచి ఇంకోదానికి దూకడమే దాని భాష.

రంధ్రాలు, మీటలు

గొట్టం ఇవ్వని స్వరాలను రాబట్టడం ఎలా? దీనికి అన్నింటికన్నా ముందు దొరికిన సంపూర్ణమైన జవాబు ట్రాంబోన్. పదిహేనో శతాబ్దం నుంచీ వాడుకలో ఉన్న ఈ వాయిద్యంలో ఒక గొట్టం ఇంకోదాని మీద జారుతుంది. పొడవు ఎంత కావాలంటే అంత. కాకపోతే వేగంగా సాగే సంగతులకు చెయ్యి అందుకోవడం కష్టం. ఐరోపా హార్న్ వాద్యకారులు ఇంకో దారి పట్టారు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో డ్రెస్డెన్‌లో ఉన్న ఆంటోన్ హాంపెల్ పేరుతో ముడిపడిన పద్ధతిలో బెల్ లోపల అరచేతిని పెట్టి, మూసీ తెరిచీ స్వరాన్ని మారుస్తారు. స్వరం దొరుకుతుంది గాని, మూసినప్పుడు మూగగా, తెరిచినప్పుడు విప్పారి వినిపిస్తుంది.

మూడో దారి పిల్లనగ్రోవి దారి. గొట్టానికి రంధ్రాలు చేసి వేళ్లతో మూయడం. 1590 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని ఓసేర్‌లో ఎద్మే గియోమ్ అనే మతాధికారి రూపొందించాడని చెప్పే సర్పెంట్ ఇలాంటిదే. పేరుకు తగ్గట్టు పాములా మెలికలు తిరిగిన, రెండున్నర మీటర్లకు దగ్గరైన చెక్క గొట్టం, పైన తోలు తొడుగు. చెక్కతో చేసినా పెదవులతోనే మోగుతుంది కనుక శాస్త్రజ్ఞులు దాన్ని ఇత్తడి కుటుంబంలోనే లెక్కిస్తారు. ఆ కుటుంబాన్ని నిర్ణయించేది లోహం కాదు, పెదవులు. సర్పెంట్‌తో చిక్కల్లా రంధ్రాలు ఎక్కడ ఉండాలన్నది వేళ్ల పొడవును బట్టి కుదిరింది, ధ్వనిశాస్త్రాన్ని బట్టి కాదు. అందుకే అందులో శ్రుతి నిలబెట్టడం వాద్యకారుడి చెవి మీద, పెదవుల మీద ఆధారపడుతుంది.

వేళ్లకు అందని చోట రంధ్రం కావాలంటే మీట పెట్టాలి. వియన్నాకు చెందిన ఆంటోన్ వైడింగర్ మీటల ట్రంపెట్ కోసమే స్వరకర్త హేడన్ 1796లో తన ప్రసిద్ధ ట్రంపెట్ కన్చెర్టో రాశాడు. డబ్లిన్‌లో జోసెఫ్ హాలిడే 1810లో మీటల బ్యూగిల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పారిస్‌లో హలారీ దాని పెద్దన్నలాంటి ఓఫిక్లైడ్‌ను తయారుచేసి 1821లో పేటెంట్ పొందాడు. స్వరకర్త బెర్లియోజ్ 1830 నాటి ఫంటాస్టిక్ సింఫనీలో మంద్రస్థాయి ఓఫిక్లైడ్‌కు అప్పగించాడు. ఈ రోజు ఆర్కెస్ట్రాల్లో ఆ భాగాన్ని ఎక్కువగా ట్యూబాతో వాయిస్తారు. ట్యూబా ధ్వని గుండ్రంగా, బరువుగా ఉంటుంది. ఓఫిక్లైడ్ ధ్వనికి ఎక్కువ అంచు, మనిషి గొంతుకు దగ్గరైన తీరు ఉంటాయి. రెండూ పక్కపక్కనే విన్నవాళ్లకు ఆ తేడా మరి చెప్పనక్కర్లేదు.

మీటల పద్ధతి లోపం భౌతికశాస్త్రంలోనే ఉంది. రంధ్రం తెరిస్తే గాలి స్తంభం పొట్టిదవుతుంది, స్వరం పెరుగుతుంది. అప్పుడు ధ్వనిలో చాలా భాగం బెల్ నుంచి కాక ఆ రంధ్రం నుంచే బయటికి వస్తుంది. ఒక స్వరం ఈ రంధ్రం నుంచి, ఇంకో స్వరం ఆ రంధ్రం నుంచి, మరొకటి బెల్ నుంచి. అందుకే ఒక్కో స్వరానికి ఒక్కో రంగు. ఆ కాలపు విద్వాంసులు ఆ రంగుల తేడాను అదుపులో పెట్టడమే కాదు, అందంగా కూడా మలిచారు.

వాల్వు తెచ్చిన మార్పు

1814లో జర్మనీలో హైన్రిక్ స్టోల్జెల్ ఒక కొత్త ఆలోచన ముందుకు తెచ్చాడు. గొట్టానికి రంధ్రం పెట్టే బదులు, మీట నొక్కగానే గాలి మార్గంలోకి అదనపు గొట్టం ముక్క కలిసేలా చేయడం. ఫ్రెడ్రిక్ బ్లూమెల్‌తో కలిసి 1818లో అతను బెర్లిన్‌లో పేటెంట్ పొందాడు. 1830ల్లో వియన్నాలో తిరిగే వాల్వు, పారిస్‌లో పెరినె మెరుగుపరచిన పైకీ కిందికీ కదిలే వాల్వు వచ్చాయి. నేటి ట్రంపెట్‌లో ఉన్నది ఆ పెరినె వాల్వుకు వారసురాలే.

వాల్వుతో ప్రతి స్వరమూ ఆ చివరి బెల్ నుంచే వస్తుంది. రంగు ఒకటే. కింది నుంచి పై దాకా సమానమైన ధ్వని. ఈ గుణమే బ్యాండ్ల చరిత్రను మార్చింది. స్టోల్జెల్ వాల్వు పుట్టిన 1814లోనే బెల్జియంలోని దినాన్‌లో పుట్టిన అడాల్ఫ్ సాక్స్, 1840ల్లో చిన్నది మొదలు పెద్దది దాకా ఒకే ఆకారం, ఒకే వేళ్ల అమరిక ఉన్న సాక్స్‌హార్న్ కుటుంబాన్ని రూపొందించాడు. ఒకటి నేర్చుకుంటే మిగతావన్నీ వచ్చినట్టే. 1845 ఏప్రిల్ 22న పారిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో పాత తరహా సైనిక బ్యాండుకూ సాక్స్ వాయిద్యాల బ్యాండుకూ జనం ముందు పోటీ జరిగింది. ఫ్రెంచి సైన్యం సాక్స్ వాయిద్యాలను స్వీకరించింది. గని కార్మికులు, మిల్లు కార్మికులు, రైతులు సాయంత్రాలు నేర్చుకుని బ్యాండు కట్టగలిగే వీలు ఇలాంటి వాయిద్యాలతోనే వచ్చింది.

అయితే మీటలు ఒక్కరోజులో ఓడిపోలేదు. 1856 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని సేలంలో మీటల బ్యూగిల్ దిగ్గజం నెడ్ కెండల్, వాల్వులున్న కార్నెట్ వాయించే యువ విద్వాంసుడు పాట్రిక్ గిల్మోర్ ఒకే రచన మీద వంతులవారీగా వాయించి పోటీపడ్డారు. అది ఇద్దరు మనుషుల మధ్య పోటీ మాత్రమే కాదు. ఒకే ప్రశ్నకు దొరికిన రెండు జవాబులు ఒకే వేదిక మీద ఎదురుపడిన సందర్భం అది.

వాల్వుకూ తనదైన చిక్కు ఉంది. అది శుద్ధమైన లెక్క. వాయిద్యపు గొట్టం పొడవు 100 అనుకుందాం. అర్ధస్వరం దిగడానికి సుమారు 6 శాతం, పూర్తి స్వరానికి 12.2, మూడు అర్ధస్వరాలకు 18.9 శాతం అదనపు పొడవు కావాలి. రెండో వాల్వు, ఒకటో వాల్వు, మూడో వాల్వు వరుసగా ఈ పనులు చేస్తాయి. మూడూ కలిపి నొక్కితే ఆరు అర్ధస్వరాలు దిగాలి. అందుకు కావలసింది 41.4. మూడు ముక్కలూ కూడితే వచ్చేది 37.1 మాత్రమే. కారణం ఏమిటంటే, ఒక వాల్వు నొక్కగానే గొట్టం అప్పటికే పొడవైపోతుంది. ఆ పొడవైన గొట్టానికి తర్వాతి ముక్క నిష్పత్తిలో చాలదు. ఫలితంగా ఆ స్వరం దాదాపు పావు స్వరం హెచ్చుగా పలుకుతుంది. దీన్ని దిద్దడానికి మూడో వాల్వు గొట్టాన్ని కాస్త పొడవుగా చేయడం, వేలితో జరిపే చిన్న జారుడు గొట్టాలు అమర్చడం వంటి ఉపాయాలు వచ్చాయి. 1874లో ఇంగ్లండ్‌లో డేవిడ్ బ్లేక్లీ, వాల్వులు కలిపి నొక్కినప్పుడు తక్కువ పడిన పొడవు దానంతట అదే చేరే ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నాడు. మంద్రంగా పలికే యూఫోనియం, ట్యూబాల్లో కొన్నింటిలో ఆ ఏర్పాటు ఇప్పటికీ ఉంది.

వెనక నడిచే సైనికుల కోసం

అమెరికా బ్యాండు ఉత్సవాల్లో కొత్తవాళ్ల కళ్లు మొదట ఆగేది భుజం మీదుగా బెల్ వెనక్కి తిరిగిన సాక్స్‌హార్న్‌ల దగ్గర. న్యూయార్క్‌కు చెందిన డాడ్‌వర్త్ కుటుంబ బ్యాండు వీటిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. కవాతులో బ్యాండు ముందు నడుస్తుంది, దళం వెనక నడుస్తుంది. ధ్వని వెనక్కి పోవాలి. మంద్ర ధ్వనులు ఏ వైపు తిప్పినా చుట్టూ పరుచుకుంటాయి. పై పౌనఃపున్యాలు మాత్రం బెల్ చూస్తున్న దిక్కుకే ఎక్కువగా పోతాయి. లయ స్పష్టంగా వినిపించేలా చేసేవి ఆ పై పౌనఃపున్యాలే. అందుకే బెల్‌ను వెనక్కి తిప్పడం కవాతుకు పూర్తిగా శాస్త్రీయమైన పరిష్కారం. ఆరుబయట బృందం చుట్టూ ఒకసారి నడిచి చూస్తే, ముందు నిలబడ్డవారికి మెత్తగా వినిపించిన బాణీ వెనక్కి వెళ్లేసరికి పదునెక్కడం ఎవరికైనా తెలుస్తుంది.

1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఉత్తరాది సైన్యంలో ఒక్కో రెజిమెంటుకు 24 మంది దాకా వాద్యకారుల బ్యాండుకు అనుమతి ఉండేది. ఖర్చు భరించలేక 1862లో రెజిమెంటు బ్యాండ్లను రద్దుచేసి, బ్రిగేడ్‌కు ఒకటి చొప్పున మిగిల్చారు. దక్షిణాది పక్షాన ఉత్తర కరొలైనాలోని సేలం నుంచి వెళ్లిన మొరావియన్ వాద్యకారులు 26వ రెజిమెంటు బ్యాండుగా 1863లో గెట్టిస్‌బర్గ్ యుద్ధరంగంలోనూ వాయించారు. వాళ్ల చేతిరాత స్వర పుస్తకాలు భద్రంగా మిగిలాయి. ఈనాటి బృందాలు ఆ కాలపు బాణీలను ఊహతో కాక, రాతప్రతుల ఆధారంతో వాయించగలుగుతున్నాయంటే అలా మిగిలిన పుస్తకాల వల్లే.

ఆ మెరుపు ఎక్కడిది?

ట్రాంబోన్‌ను మెల్లగా వాయిస్తే ధ్వని మెత్తగా ఉంటుంది. గట్టిగా ఊదేకొద్దీ లోహం చీల్చినట్టు మెరుస్తుంది. చాలాకాలం దీనికి లోహమే కారణమని జనం అనుకున్నారు. 1996లో అవ్రహామ్ హిర్ష్‌బర్గ్, ఆయన సహపరిశోధకులు ట్రాంబోన్ గొట్టంలో షాక్ తరంగాలు పుడుతున్నాయని కొలతలతో చూపించారు. గట్టిగా ఊదినప్పుడు గొట్టం లోపలి పీడనం బాగా పెరుగుతుంది. తరంగంలో పీడనం ఎక్కువున్న భాగం, తక్కువున్న భాగం కన్నా కొంచెం వేగంగా కదులుతుంది. గొట్టం వెంట పోతున్నకొద్దీ వెనకున్న శిఖరం ముందున్న లోయను తరుముకుంటూ వస్తుంది. తరంగం ముందు అంచు నిటారుగా తయారవుతుంది. నిటారు అంచు అంటే అసంఖ్యాకమైన పై అనుస్వరాలు. చెవికి అదే మెరుపు.

ఈ నిటారుతనం పెరగాలంటే పీడనం తగ్గకుండా తరంగం చాలా దూరం పోవాలి. ట్రాంబోన్, ట్రంపెట్‌లలో గొట్టం చాలా మేరకు ఒకే వెడల్పున సాగుతుంది కనుక అది సాధ్యం. బ్యూగిల్, సాక్స్‌హార్న్, ఓఫిక్లైడ్ గొట్టాలు మొదటి నుంచీ శంకువులా విచ్చుకుంటూ పోతాయి. తరంగం ముందుకు పోయేకొద్దీ వ్యాపించి పలచబడుతుంది, నిటారు అంచు అంత సులువుగా ఏర్పడదు. వాటి మెత్తని గొంతుకు మూలం ఇదే. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని ముర్రే కాంప్‌బెల్, ఆర్నల్డ్ మయర్స్, వారి సహచరులు చారిత్రక వాయిద్యాల లోపలి కొలతల నుంచే ఒక వాయిద్యం ఎంత త్వరగా మెరుస్తుందో లెక్కగట్టే పద్ధతిని అభివృద్ధి చేశారు. సన్నని గొట్టం ఉన్న పాత ట్రాంబోన్ తక్కువ ధ్వనికే మెరుస్తుంది. వెడల్పైన గొట్టం ఉన్న నేటి ఆర్కెస్ట్రా ట్రాంబోన్‌లో ఆ మెరుపు రావాలంటే ఇంకా చాలా గట్టిగా ఊదాలి. నూటయాభై ఏళ్ల కిందటి స్వరకర్త కాగితం మీద గట్టిగా అని రాసినప్పుడు మనసులో విన్నది మెరుపును. నేటి వాయిద్యం ఆ మెరుపు కోసం పక్కనున్న వయొలిన్లను ముంచేస్తుంది. పాత ట్రాంబోన్‌తో వాయిస్తే మెరుపూ ఉంటుంది, వయొలిన్లూ వినిపిస్తాయి.

కలవని శ్రుతులు

ఈ రోజు అంతర్జాతీయ ప్రమాణ శ్రుతి 440 హెర్ట్‌జ్. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో అది 452 దాకా పెరిగింది. తేడా దాదాపు పావు స్వరం. అందుకే నాటి కార్నెట్ పక్కన నేటి కార్నెట్ పెడితే శ్రుతి కలవదు. ఒక చారిత్రక బృందం అంటే దానిలోని వాయిద్యాలన్నీ ఒకే శ్రుతికి చేసినవి అయి ఉండాలి. వాటిని వెతికి, ఒక చోట చేర్చడం సంగీతాభిమానులు ఏళ్ల తరబడి చేసే పని.

ఆరుబయట వాతావరణం ఇంకో చిక్కు. సున్నా డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 331 మీటర్లు. 20 డిగ్రీల దగ్గర 343. గొట్టంలోని గాలి 10 డిగ్రీలు వేడెక్కితే శ్రుతి ఒక అర్ధస్వరంలో మూడో వంతు దాకా పెరుగుతుంది. వాద్యకారుడి శ్వాస లోపలి గాలిని వెచ్చబెడుతూ ఉంటుంది కనుక అసలు మార్పు అంతకన్నా తక్కువే. పొడవైన ట్యూబా చివరి దాకా వెచ్చబడటానికి చిన్న కార్నెట్ కన్నా ఎక్కువసేపు పడుతుంది. కచేరీ మొదట్లో వాద్యకారులు వాయిద్యంలోకి ఊరికే ఊదుతూ కనిపించేది అందుకే.

వాయిస్తే అరుగుతుంది, వాయించకపోతే మూగబోతుంది

ఇత్తడి రాగి, జింకుల మిశ్రలోహం. జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది కనుక దాన్ని విడి లోహంగా తీయడం చాలాకాలం ఐరోపాకు సాధ్యపడలేదు. రాజస్థాన్‌లోని జావర్‌లో మనవాళ్లు ఆవిరిని చల్లబరచి జింకును తీయడం అంతకు శతాబ్దాల ముందే చేశారు. ఐరోపా పనివాళ్లు జింకు ఖనిజాన్నీ బొగ్గునూ రాగితో కలిపి వేడిచేసి, ఆ ఆవిరిని రాగిలోకి ఎక్కించి ఇత్తడి చేసేవారు.

ఈ జింకే పాత వాయిద్యానికి బలహీనత. ఊపిరిలోని తేమ చల్లని గోడలకు తగిలి నీటి బొట్లవుతుంది. అందులో కార్బన్ డయాక్సైడ్, లాలాజలం కలుస్తాయి. ఏళ్ల తరబడి ఆ తడి తగిలితే జింకు మెల్లగా కరిగిపోయి, లోపల ఎర్రటి, గుల్లబారిన రాగి మిగులుతుంది. అందుకే చాలా మ్యూజియాలు తమ వాయిద్యాలను వాయించనివ్వవు. వాయించకపోతే ధ్వని తెలియదు, వాయిస్తే వస్తువు దెబ్బతింటుంది. స్విట్జర్లాండ్‌లో బెర్న్ కళల విశ్వవిద్యాలయం, పాల్ షెరర్ సంస్థ కలిసి ఈ ప్రశ్నను న్యూట్రాన్లతో పరిశీలించాయి. న్యూట్రాన్లు ఇత్తడిలోంచి సులువుగా దూసుకుపోతాయి, నీటిలోని హైడ్రోజన్ దగ్గర చెదిరిపోతాయి. కాబట్టి మూసి ఉన్న గొట్టం లోపల తడి ఎక్కడ నిలుస్తుందో వాయిద్యాన్ని విప్పకుండానే కనిపిస్తుంది. వాయించిన వెంటనే లోపలికి గాలి ఆడించి ఆరబెట్టడం లాంటి జాగ్రత్తలకు ఇలాంటి పరిశోధన గట్టి ఆధారం ఇచ్చింది.

మరో దారి ప్రతిరూపాలు. వాయిద్యంలోకి చిన్న ధ్వని స్పందనను పంపి, వెనక్కి వచ్చే ప్రతిధ్వనులను బట్టి లోపలి ఆకారాన్ని లెక్కకట్టే పద్ధతి ఉంది. ఆ కొలతలతో కొత్త వాయిద్యం చేయవచ్చు. కెనడాకు చెందిన పరిరక్షణ నిపుణుడు రాబర్ట్ బార్క్‌లే పదిహేడో శతాబ్దపు నూరెంబర్గ్ పనితనాన్ని లోతుగా అధ్యయనం చేసి, తోటి పనివాళ్లతో కలిసి శిక్షణ శిబిరాలు నడిపాడు. ఎవరైనా అక్కడ చేరి, ఇత్తడి రేకును సుత్తితో సాగగొట్టి, అంచులు అతికి, తన ట్రంపెట్‌ను తానే చేసుకునే వీలుండేది. ధ్వనిని ప్రధానంగా నిర్ణయించేది లోపలి ఆకారమే కాబట్టి, శ్రద్ధగా చేసిన ప్రతిరూపం మూలానికి చాలా దగ్గరగా పలుకుతుంది.

ఊరు ఎందుకు కావాలి?

1988లో న్యూయార్క్‌లో హిస్టారిక్ బ్రాస్ సొసైటీ ఏర్పడింది. విద్వాంసులు, పరిశోధకులు, వాయిద్యాలు చేసేవారు అక్కడ కలుస్తారు. ఆ జ్ఞానం పరిశోధన పత్రాల్లోనే ఉండిపోకుండా మామూలు జనం చెవికి చేరాలంటే ఊరు కావాలి. బ్యాండు సంగీతం పుట్టిందే ఊళ్లలో. ఫిన్లాండ్ నుంచి మిన్నెసోటా ఇనుప గనులకూ మిషిగన్ రాగి గనులకూ వలస వచ్చిన కార్మికులు తమ ఏడుగురి ఇత్తడి బృందాన్ని వెంట తెచ్చుకున్నారు. ఆ సంప్రదాయాన్ని నిలబెట్టడానికే నీమిస్టో 1990లో అమెరీకన్ పోయ్యత్ బృందాన్ని స్థాపించాడు. పని ముగించుకుని వచ్చిన మనుషులు కలిసి వాయించుకున్న సంగీతం అది. దాన్ని టికెట్ పెట్టిన మందిరంలో కన్నా పార్కులో, పిల్లలూ పెద్దలూ గడ్డి మీద కూర్చుని వినడమే న్యాయం.

మనకు ఈ కథ పరాయిది కాదు. బ్రిటిష్ సైనిక బ్యాండ్ల ద్వారా వచ్చిన వాల్వు వాయిద్యాలు మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళమై స్థిరపడ్డాయి. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీతో మీరట్ నగరం ఈ వాయిద్యాల తయారీకి దేశంలోనే పెద్ద కేంద్రమైంది. ఈ రోజు తెలుగు ఊళ్లలో ట్రంపెట్ మీద సినిమా పాట వాయించే మాస్టారి వేళ్ల కింద పెరినె వాల్వు ఉంది. ఆయన పక్కనున్న యూఫోనియంలో సాక్స్ కుటుంబపు పోలికలున్నాయి. సినిమా పాటలోని గమకాలను అనుస్వరాల మధ్య ఖాళీలు దాటి పెదవులతో పలికించడం ఆయన సొంత విద్య. ఆ విద్య మీద మన దగ్గర జరిగిన నమోదు చాలా తక్కువ.

నార్త్‌ఫీల్డ్ అంత ఉత్సవం ప్రతి ఊరికీ అక్కర్లేదు. ఒక కళాశాల మైదానం చాలు. ఊళ్లోని బ్యాండు మేళాల పెద్దలను పిలిచి, వాళ్ల ఇళ్లలో ఉన్న పాత వాయిద్యాలను తెప్పించి, బెల్ మీద చెక్కిన తయారీదారుల పేర్లు రాసుకుని, ఒక్కోదాన్ని వాయించి రికార్డు చేయవచ్చు. కొమ్ము బూర వాయించేవారిని కూడా పిలిస్తే, వాల్వు లేని గొట్టం ఏ స్వరాలు ఇస్తుందో, వాల్వు వాటికి ఏం చేర్చిందో పిల్లలకు వరుసగా వినిపిస్తుంది. పౌనఃపున్యం కొలిచే యాప్ ఇప్పుడు ప్రతి ఫోనులోనూ పెట్టుకోవచ్చు. 2, 3, 4, 5, 6 అనే నిష్పత్తిని పిల్లలే కొలిచి తేల్చుకోవచ్చు. భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు, బ్యాండు నడిపే మాస్టారు పక్కపక్కన నిలబడి ఒకే వాయిద్యం గురించి పాఠం చెప్పడం ఏ మండలంలోనైనా వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు. శాస్త్రం ఒకరి దగ్గర, చేతిపని ఒకరి దగ్గర ఉంది. ఆ ఇద్దరినీ కలపడానికి కావలసింది పిలిచేవాళ్లే.